పట్టాలు వేసేశాక కొండ, స్టేషన్, చెట్లు: ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. మోడల్ రైల్వే కోసం 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ప్లైవుడ్ మీద హెచ్‌ఓ స్కేల్ (1:87, అంటే అసలు సైజులో 87వ వంతు) ట్రాక్ ఓవల్‌గా వేశారు. ఒక లూప్ లైను, ఒక సైడింగ్ ఉన్నాయి. ఎల్‌హెచ్‌బీ కోచ్‌లు (ఇప్పటి ఎక్స్‌ప్రెస్ బండ్ల పొడవాటి పెట్టెలు) ఆగకుండా తిరుగుతున్నాయి. ఇప్పుడు బొర్రా గుహలు లాంటి ఒక చిన్న స్టేషన్, వెనక అరకు కొండలు కావాలి. ఒక ఇల్లు, నాలుగు చెట్లు పెట్టి చూస్తే బల్ల మీద బొమ్మలు సర్దినట్టు ఉంది. దేంతో మొదలుపెట్టాలి, స్టేషన్ దేనితో కట్టాలి, విదేశాల నుంచి గడ్డి, చెట్లు తెప్పించక తప్పదా అన్నవి మీ మూడు ప్రశ్నలు.

బొమ్మల్లా కనబడటానికి కారణం మీ ఇల్లూ కాదు, చెట్లూ కాదు. మీ నేల అంతా పట్టాలతో ఒకే మట్టంలో ఉంది. అసలు రైల్వే ఎప్పుడూ అలా ఉండదు. నేల ముందు నుంచీ ఉంది, పట్టాలు తర్వాత వచ్చాయి. ఎత్తుగా ఉన్నచోట కోత కోశారు, పల్లంగా ఉన్నచోట గట్టు పోశారు, వాగు అడ్డం వస్తే తూమో వంతెనో కట్టారు. కొత్తవలస నుంచి కిరండూల్ వెళ్లే కేకే లైను దీనికి మంచి ఉదాహరణ. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికి 1960లలో వేసిన లైను అది. శివలింగపురం దాటాక త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస మీదుగా శిమిలిగుడ చేరేసరికి సముద్ర మట్టానికి దాదాపు 996 మీటర్ల ఎత్తుకు వస్తుంది. మొత్తం లైనులో 58 సొరంగాలు ఉన్నాయి. కిటికీ దగ్గర కూర్చుని చూడండి, ఒక పక్క కొండ గోడ తగిలేంత దగ్గరగా ఉంటే రెండో పక్క లోయ కళ్ళు తిరిగేంత కిందకి ఉంటుంది. ఆ రెండో పక్క లేకపోతే ఎంత పెద్ద కొండ కట్టినా అది అరకు కాదు.

కాబట్టి ఇల్లూ చెట్లూ తీసి పక్కన పెట్టండి. కంకర ఇంకా అంటించలేదన్నారు, అది మీ అదృష్టం. ట్రాక్ లేపి, దాని కింద 40 మి.మీ. మందం ఎక్స్‌పీఎస్ ఫోమ్ షీట్ వేసి, మళ్ళీ దాని మీద ట్రాక్ పరచండి. ఇళ్ల మీద వేడి దిగకుండా వేసే గట్టి ఇన్సులేషన్ షీటే ఇది. డీలర్ల దగ్గర నీలం, గులాబీ రంగుల్లో దొరుకుతుంది. మామూలు థర్మోకోల్ కూడా పనికొస్తుంది, కానీ కోస్తే పూసలు రాలి ఇల్లంతా తిరుగుతాయి. 1:87లో 40 మి.మీ. అంటే దాదాపు మూడున్నర మీటర్లు. ఇప్పుడు మీకు కిందకి చెక్కుకోవడానికి మూడున్నర మీటర్ల నేల దొరికింది. బోర్డు ముందు అంచు వైపు ఒకచోట, అడుగు వెడల్పున, ఫోమ్ పూర్తిగా తీసేసి వాగు పెట్టండి. ధైర్యం ఉంటే అక్కడ ప్లైవుడ్ కూడా జిగ్‌సాతో (కరెంటు రంపం) కోసి, కింద చిన్న పెట్టెలా బిగించి ఇంకో నాలుగంగుళాలు లోతు చేయండి. రైలు వంతెన మీద వెళ్తుంటే కింద గాలి కనబడాలి. ఆ ఒక్క కోత చాలు, బల్ల బల్లలా కనబడటం ఆగిపోతుంది.

అమెరికాలో కాలిఫోర్నియాకు చెందిన జాన్ ఆలెన్ ఇదే స్కేల్‌లో కట్టిన లేఅవుట్ (పట్టాలు, కొండలతో సహా మొత్తం మోడల్ రైల్వే) ఫొటోలు వెతికి చూడండి. కొండలు గది పైకప్పు దాకా, లోయలు గచ్చు దాకా కట్టాడాయన. 1973లో ఆయన చనిపోయిన కొద్ది రోజులకే అది మంటల్లో కాలిపోయింది. ఇవాళ మిగిలినవి ఫొటోలే, అయినా లోయ కట్టాలనుకునేవాళ్ళు ఇప్పటికీ అవి చూసే నేర్చుకుంటున్నారు.

ఇక కొండ. ఫోమ్ ముక్కలు పొరలు పొరలుగా ఫెవికాల్‌తో అంటించి, పెద్ద కట్టర్‌తో చెక్కండి. సాల్వెంట్ వాసన వచ్చే పసుపు రంగు జిగురు ఏదీ వాడకండి, ఫోమ్‌ని తినేస్తుంది. వేడి తీగతో కోస్తే బాగా తెగుతుంది కానీ ఆ పొగ మంచిది కాదు, బయట వరండాలో చేయండి. ఆకారం వచ్చాక మెడికల్ షాపులో దొరికే పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) బ్యాండేజీ ముక్కలు నీళ్లలో ముంచి కప్పితే పై పెంకు గట్టిపడుతుంది. అది ఖరీదనిపిస్తే పాత వార్తాపత్రికల ముక్కలు, పల్చటి ఫెవికాల్ నీళ్లు. మైదా జిగురు మాత్రం వద్దు. మన వానాకాలంలో బూజు పట్టి, తర్వాత బొద్దింకలు వస్తాయి.

రాళ్ల సంగతి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అందరూ రాతిని బూడిద రంగుగానే వేస్తారు. విశాఖ, అరకు వైపు తూర్పు కనుమల్లో ఎక్కువగా కనిపించేది ఖోండలైట్ రాయి. ఎండకీ వానకీ అది ఎర్రటి గోధుమ రంగులోకి తిరుగుతుంది, అక్కడక్కడ తెల్లటి మచ్చలు ఉంటాయి, పొరలు పొరలుగా విడిపోయినట్టు కనబడుతుంది. దాని పైన ఎర్రమట్టి. కాబట్టి మీరు చెక్కే గీతలన్నీ ఒకే దిశలో, ఒకే వాలులో ఉండాలి. ఒక రాయి పొర ఇటు, పక్క రాయి పొర అటు ఉంటే కొండ కాదు, కంకర కుప్ప అవుతుంది. అల్యూమినియం ఫాయిల్‌ని నలిపి, మళ్ళీ కొంచెం విప్పి, అందులో పీఓపీ పోసి ఆరనిస్తే రాతి ముఖం అచ్చు వస్తుంది. అలాంటివి రకరకాలుగా పోసుకుని, విరిచి, కోత ఉన్నచోట అతికించండి. రంగు వేసేటప్పుడు మొదట లేత గోధుమ రంగు, అది ఆరాక బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ రంగు) బాగా నీళ్లు కలిపి పైనుంచి జార్చండి. పగుళ్లలోకి రంగు దానంతటదే దిగుతుంది. ఆఖర్న పొడి బ్రష్‌తో ఎల్లో ఓకర్‌లో (మట్టి పసుపు రంగు) కొంచెం తెలుపు కలిపి అంచులకు తాకీ తాకనట్టు రుద్దండి. అచ్చమైన నలుపు, అచ్చమైన తెలుపు ఎక్కడా వాడొద్దు. దూరం నుంచి చూసే వస్తువు రంగు ఎప్పుడూ కొంచెం వెలిసినట్టే ఉంటుంది, మన లేఅవుట్‌ని మనం చూసేది కూడా దూరం నుంచే అనుకోవాలి. ఇంకో మాట, ఏ లైటు కింద లేఅవుట్ ఉంటుందో ఆ లైటు కిందే రంగులు కలపండి. పగటి వెలుగులో బాగున్న ఎరుపు రంగు, పసుపు వెలుగు ఎల్‌ఈడీ కింద నారింజ అయిపోతుంది.

సొరంగం ముఖద్వారం పట్టా పైనుంచి 75 నుంచి 80 మి.మీ. ఎత్తు పెట్టుకోండి. కరెంటు లైను తీగ అసలు ఎత్తు సుమారు ఐదున్నర మీటర్లు, మన లెక్కలో 63 మి.మీ. దాని పైన కొంచెం ఖాళీ కావాలి. వెడల్పు మాత్రం పుస్తకంలో చూసి కాదు, మీ కోచ్‌తో కొలవండి. ఎల్‌హెచ్‌బీ కోచ్ హెచ్‌ఓలో 270 మి.మీ. పొడవు వస్తుంది. 18 అంగుళాల రేడియస్ వంపులో దాని నడుము దాదాపు 8 మి.మీ. లోపలికి, మూలలు దాదాపు 12 మి.మీ. బయటికి వస్తాయి. కోచ్ మధ్యలో ఒక పెన్సిల్, చివర ఒక పెన్సిల్ టేపుతో కట్టి, చేత్తో మెల్లగా తోయండి. కింద గీసుకుంటూ పోయిన గీతల బయటే గోడ, స్తంభం, ప్లాట్‌ఫాం, చెట్టు ఏదైనా. ఈ పని ఏదైనా అంటించకముందే చేయాలి. సొరంగం లోపల బండి పడితే తీయడానికి వెనక వైపు చెయ్యి పట్టే సందు కూడా వదలండి.

ప్లాట్‌ఫాం అందుకే వంపు లేని తిన్నటి ట్రాక్ పక్కనే పెట్టమంటాను. అయితే పొడవు విషయంలో ఆశ పడకండి. 18 కోచ్‌ల బండికి అసలు ప్లాట్‌ఫాం 430 మీటర్ల పైచిలుకు, హెచ్‌ఓలో అది దాదాపు 5 మీటర్లు. మీ బోర్డే రెండున్నర మీటర్లు లేదు. వంపులకూ పాయింట్లకూ (బండి ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకు మారే చోట్లు) పోగా మీకు మిగిలేది మూడు కోచ్‌ల ప్లాట్‌ఫాం. సరిపోతుంది, మూడు కోచ్‌ల బండి నడపండి. ఎత్తు రెండు రకాలు. హై లెవెల్ అయితే పట్టా నుంచి 760 నుంచి 840 మి.మీ., అంటే మనకు 8.7 నుంచి 9.7 మి.మీ. పాత పల్లెటూరి స్టేషన్లలో ఉండే తక్కువ ఎత్తుది 455 మి.మీ., మనకు 5. కొండ స్టేషన్‌కి నేనైతే రెండోదే వేస్తాను, మెట్లు పట్టుకుని పైకెక్కే మనుషుల బొమ్మలు పెడితే ప్రాణం వస్తుంది. అంచు ట్రాక్ మధ్య నుంచి 21 మి.మీ. దూరంలో ఉంచండి. అసలు లెక్క ప్రకారం 19 రావాలి, కానీ మన మోడల్ కోచ్‌లు ఊగుతాయి. పైన నాపరాళ్ల గీతలు మొద్దు పెన్సిల్‌తో నొక్కితే చాలు, వాటికి నల్ల గీతలు గీయొద్దు.

మన బ్రాడ్‌గేజ్ 1676 మి.మీ., 1:87లో 19 మి.మీ. రావాలి. మీ ట్రాక్ 16.5 మి.మీ., అది యూరప్, అమెరికా గేజ్ లెక్క. ఇది కొందరికి పెద్ద టెన్షన్. వదిలేయండి. కంకర సరిగ్గా పోసి, పట్టాల పక్కలకు తుప్పు రంగు వేస్తే ఆ తేడా మీకు తప్ప ఎవరికీ కనబడదు.

స్టేషన్ బిల్డింగ్ దేనితో కట్టాలంటే, నా ఓటు 3 మి.మీ. సన్‌బోర్డ్‌కే (తేలికైన ప్లాస్టిక్ ఫోమ్ షీటు). ఆర్కిటెక్చర్ కాలేజీల దగ్గరి స్టేషనరీ షాపుల్లో, ఫ్లెక్స్ ప్రింటింగ్ షాపుల్లో దొరుకుతుంది. 1:87లో 3 మి.మీ. అంటే ప్లాస్టరింగ్‌తో సహా మన తొమ్మిదంగుళాల గోడ మందం, కిటికీ కోస్తే గోడ లోతు తనంతటదే సరిగ్గా కనబడుతుంది. ముందు మాత్రం పాత శుభలేఖల అట్టతో నమూనా కట్టి, ట్రాక్ పక్కన పెట్టి, వారం రోజులు వచ్చిపోతూ చూడండి. చాలాసార్లు అనుకున్న బిల్డింగ్ స్థలానికి పెద్దదవుతుంది. తగ్గించేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి. తలుపు ఎత్తు, మెట్టు, కిటికీ, మనిషి ఎత్తు వీటిని తగ్గించకూడదు. గదుల సంఖ్య తగ్గించాలి. ఐదు గదుల బిల్డింగ్‌ని మూడు గదులు చేయండి. 7 అడుగుల తలుపు ఎప్పుడైనా 24.5 మి.మీ. ఉండాల్సిందే. తలుపు 20 చేశారా, పక్కన నిలబడ్డ స్టేషన్ మాస్టర్ తల గుమ్మానికి కొట్టుకుంటుంది.

గోడలు ఫెవిక్విక్‌తో అతికించి, సన్నటి గరుకు కాగితంతో రుద్ది, యాక్రిలిక్ రంగు బ్రష్‌తో కాకుండా చిన్న స్పాంజ్ ముక్కతో అద్దండి. సున్నం గోడ గరుకుదనం వస్తుంది. పెంకుల కప్పు కావాలంటే మందపాటి కాగితం పట్టీలు ఒక అంచు పళ్లలా కత్తిరించి, కింది నుంచి పైకి ఒకదాని మీద ఒకటి అంటించుకుంటూ పోవాలి. ఓపిక పని, కానీ కొన్న షీటు ఏదీ అంత బాగా రాదు. పెంకుల రంగు ఒకేలా వేయకండి, అక్కడక్కడ మారిన కొత్త పెంకు, నాచు పట్టిన పాత పెంకు ఉండాలి. సిమెంటు రేకుల షెడ్డు ఇంకా సులువు. రేకు మడత నుంచి మడతకు అసలు దూరం 146 మి.మీ., మనకు 1.7 మి.మీ. సన్న దువ్వెన మీద వంట ఫాయిల్ పెట్టి వేలితో నొక్కితే ఇంచుమించు అదే వస్తుంది.

పేరు బోర్డు తప్పనిసరి. పసుపు మీద నల్ల అక్షరాలు, పైన తెలుగు, తర్వాత హిందీ, ఇంగ్లిష్, కింద సముద్ర మట్టం నుంచి ఎత్తు. కంప్యూటర్‌లో చేసి ఫొటో పేపర్ మీద ప్రింట్ తీయించి, మెరుపు పోవడానికి మ్యాట్ వార్నిష్ కొట్టండి. ప్లాట్‌ఫాం రెండు చివర్లా ఒక్కొక్కటి.

బిల్డింగ్‌ని నేల మీద పెట్టకండి, నేలలోకి దించండి. గోడ అడుగున సన్నటి సందు కనబడిందంటే మొత్తం కష్టం వృథా. పునాది 3, 4 మి.మీ. కిందకి పొడిగించి, ఫోమ్‌లో ఆ మేరకు గుంట తీసి దింపి, చుట్టూ మట్టి పోయండి. గోడ అడుగున ఎర్రమట్టి చిందిన మరక, వాన నీళ్లు కారే చూరు కింద నల్లటి చార, ఈ రెండూ వేస్తే కొత్త బిల్డింగ్ కూడా ఊళ్లో ఎప్పట్నుంచో ఉన్నట్టుంటుంది. పొడి రంగు చాక్‌పీసులు గీకి ఆ పొడితో రుద్దితే చాలు.

మట్టి గురించి ఒక హెచ్చరిక. అసలు ఎర్రమట్టిని మించింది లేదు, ఉచితం కూడా. కానీ దాన్ని బాగా ఎండబెట్టి, పాత పెనం మీద వేయించి, జల్లించి, ఆ తర్వాత ఒక గట్టి అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి మట్టిలో పదేపదే తిప్పండి. మన మట్టిలో ఇనుప రేణువులు ఎక్కువ. అవి ఇంజన్ మోటారు అయస్కాంతానికి అంటుకుంటే మోటారు పోతుంది. కంకరకు క్వారీ డస్ట్ వాడినా ఇదే పని చేయాలి. అసలు కంకర పెద్ద రాయి 65 మి.మీ., మనకు 0.75 మి.మీ. టీ వడపోతలోంచి కిందకి దిగి, సన్న పిండి జల్లెడలో ఆగిపోయినదే మనకు కావలసిన సైజు.

కంకర పొడిగానే పోసి, మెత్తటి బ్రష్‌తో స్లీపర్ల మధ్యకు సర్ది, స్లీపర్ల మీద ఒక్క రేణువు కూడా లేకుండా చూసుకోండి. ఆ తర్వాత ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపిన నీళ్లు మంచులా స్ప్రే చేసి, ఒక వంతు ఫెవికాల్‌కు మూడు వంతుల నీళ్లు కలిపి డ్రాపర్‌తో వదలండి. సబ్బు నీళ్లు ముందు పడకపోతే ఫెవికాల్ చుక్క కంకర మీదే ముత్యంలా నిలబడి, దాన్ని లేపేస్తుంది. పాయింట్ల కదిలే భాగాల దగ్గర జిగురు అసలు వద్దు, అక్కడ కంకర రెండు మూడు రేణువులు చేత్తో పెడితే సరి. ఒక రాత్రి ఆరనిచ్చి పట్టాల పైభాగం శుభ్రంగా తుడవండి. కేకే లైను మీద ఖనిజం బండ్లు తిరుగుతాయి కాబట్టి పట్టాల మధ్య కంకరకు కొంచెం ఎర్రటి గోధుమ పొడి చల్లడం మర్చిపోకండి.

ఇక మీ మూడో ప్రశ్న, విదేశీ సామాను. చెట్లు కొనొద్దు. వాళ్లు అమ్మేవి వాళ్ల దేశపు చెట్లు, ఓక్, పైన్, బర్చ్. మనకు కావలసింది చింత, మామిడి, తాటి, అరకు వైపు కాఫీ తోటలకు నీడనిచ్చే నిటారు సిల్వర్ ఓక్, దాన్ని చుట్టుకున్న మిరియం తీగ. ఇవి కొందామన్నా దొరకడం కష్టం. పాత కరెంటు వైరు తొక్క తీసి, రాగి తీగల్ని మెలితిప్పి, కొమ్మలుగా విడదీసి, ఫెవికాల్‌లో కలిపిన మట్టి పూస్తే కాండం. పాత స్పాంజిని పనికిరాని మిక్సీ జారులో నీళ్లతో తిప్పి, రెండు మూడు రకాల ఆకుపచ్చల్లో ముంచి ఆరబెడితే ఆకులు. తాటికి వెదురు పుల్ల చుట్టూ దారం చుట్టి పుట్టీ పూయండి, గుండ్రటి కాగితం విసనకర్రలా చీల్చి తలకు గుచ్చండి, ఎండిన మట్టలు రెండు మూడు కిందకి వేలాడాలి. ఎత్తు మాత్రం జాగ్రత్త. 20 మీటర్ల తాటిచెట్టు మనకు 230 మి.మీ. అంత పెట్టలేం, కానీ 140కి తగ్గించొద్దు. చాలామంది లేఅవుట్లలో చెట్లు ఇళ్ల కంటే పొట్టిగా ఉంటాయి, కళ్లకు అదే ముందు తగులుతుంది. కొండ పైన, వెనక వరసలో మాత్రం చెట్లు చిన్నవి చేయండి, రంగులో కొంచెం నీలం కలపండి, కొండ దూరంగా జరిగినట్టుంటుంది. అదే లెక్కలో వెనక వరస ఇళ్లకు, మనుషులకు ఆర్కిటెక్చర్ మోడళ్ల 1:100 బొమ్మలు వాడుకోవచ్చు, చవక.

రుతువు ఒకటి నిర్ణయించుకోండి. వానల తర్వాత అయితే అంతా పచ్చ. నవంబరు, డిసెంబరు అయితే లోయలో వలిసె పూల పసుపు పొలాలు వేయొచ్చు. కొండ మెట్ల మడులలో నాలుగింటికి సన్నగా నూరిన పసుపు రంగు స్పాంజ్ పొడి చల్లితే అది అరకు అని ఎవరైనా చెప్పేస్తారు.

డబ్బు పెట్టాల్సింది రెండింటి మీద. ఒకటి స్టాటిక్ గడ్డి నారలు (స్థిర విద్యుత్తుతో జిగురు మీద నిలబెట్టే సన్నటి నారలు), 2 మి.మీ., 4 మి.మీ. రెండూ, లేత పచ్చ ఒక ప్యాకెట్, ఎండుగడ్డి రంగు రెండు ప్యాకెట్లు. గడ్డిని నిలబెట్టే మెషీన్ కొనకుండా దోమల బ్యాట్ సర్క్యూట్‌కు లోహపు టీ వడపోత తగిలించి చేసుకునేవాళ్లున్నారు. పనిచేస్తుంది, కానీ స్విచ్ ఆపినా కెపాసిటర్‌లో కరెంటు మిగిలి ఉంటుంది, ఎలక్ట్రానిక్స్ తెలిసినవాళ్ల చేతే చేయించండి, తడి చేతులతో ముట్టుకోవద్దు. రెండోది మంచి లైటు. బోర్డు ముందు అంచు పైన వచ్చేలా న్యూట్రల్ వైట్ ఎల్‌ఈడీ స్ట్రిప్ పెట్టండి, రంగుల్ని నిజంగా చూపించే రకం, సీఆర్‌ఐ 90 పైన ఉన్నది అని అడగండి.

ఇదంతా మొదట అడుగు పొడవు చెక్క ముక్క మీద, ఒక ట్రాక్ ముక్క, కొంచెం గట్టు, ఒక తూము, రెండు చెట్లతో చేసి చూడండి. రంగుల పాళ్లు, ఫెవికాల్ నీళ్ల పాళ్లు దాని వెనకే రాసుకోండి. అది చేసి ఫొటో పెడితే, గట్టు వాలు సరిగ్గా ఉందో లేదో చెప్తాను.